అరుగుదలా? లోపమా?

తెలుగులో ‘పూచీ’ అని చక్కని మాట ఒకటి ఉన్నది. ఒకరికి అప్పు కావలసి వస్తే మరొకరు పూచీ ఉంటారు. అప్పు పుచ్చుకొన్నవాడు తీర్చలేకపోతే పూచీ ఉన్నవాడు వచ్చి ముందు నిలబడవలసిందే. ఆ మాటలో ఒక మనిషి ఉన్నాడు. ‘వారంటీ’ అనే మాటను మనం అరువు తెచ్చుకొన్నాము గానీ దానితో పాటు ఆ మనిషి రాలేదు. కాగితం మాత్రమే వచ్చింది. ఆ కాగితమైనా సాధారణంగా మన భాషలో ఉండదు.

ఈ తేడా నాకు అన్నిటికంటె స్పష్టంగా కనబడిన చోటు మోటారు సైకిలు వెనుక చక్రం. కథలూ కవితలూ చర్చించుకొనే చోట షాకబ్జార్బర్ల గొడవ యేమిటని మిత్రులు విసుక్కోవద్దు. ఒకే ఒక మాటకు అర్థం చెప్పే అధికారం ఎవరిది అన్నదే ఇక్కడి పేచీ. మాటల అర్థాల గురించి మనం కాకపోతే మరెవరు పట్టించుకొంటారు? ఆ మాట ‘సహజమైన అరుగుదల’. ఇంగ్లీషులో ‘నార్మల్ వేర్ అండ్ టేర్’ అని వ్రాస్తారు. తయారీలోని లోపానికి కంపెనీ బాధ్యత వహిస్తుంది, సహజమైన అరుగుదలకు వహించదు. వినడానికి న్యాయంగానే ఉన్నది. అయితే ఏది సహజం, ఏది లోపం అని తేల్చేది ఎవరు? ఏ కొలతతో?

ముందుగా అరిగేదేమిటో చెప్పుకొందాం. వెనుక చక్రాన్ని పట్టుకొని ఉండేది స్వింగ్ ఆర్మ్. సాధారణంగా రెండు చేతులు చాచినట్లుండే ఇనుప చట్రం. దాని ముందు కొస ఇంజను వెనుక ఒక పొడవాటి బోల్టు మీద తిరుగుతుంది. బోల్టుకూ ఆర్ముకూ నడుమ బుష్షులుంటాయి. కొన్ని బళ్ళలో అవి రబ్బరూ ఇనుమూ కలిసినవి, కొన్నిటిలో ప్లాస్టిక్కువి, ఖరీదైనవాటిలో సూది బేరింగులు. ఆర్మునూ సీటు కింది చట్రాన్నీ కలుపుతూ రెండు పక్కలా రెండు షాకబ్జార్బర్లో, నడుమ ఒకే ఒక మోనోషాకో ఉంటుంది. చూసేవారికి స్ప్రింగే కనబడుతుంది. కానీ స్ప్రింగు మింగిన దెబ్బను మరుక్షణమే తిరిగి కక్కుతుంది. దాన్ని అణచేది లోపలి గొట్టంలోని నూనె. పిస్టనులోని సన్నని రంధ్రాలలో ఇరుకుగా దూరుతూ ఆ నూనె ఊపును వేడిగా మార్చివేస్తుంది. ఆ నూనెకు కాపలా కడ్డీ చుట్టూ ఉండే చిన్న ఆయిల్ సీలు.

సీలు పోతే నూనె కారుతుంది. నూనె తగ్గితే గుంత దాటిన తరువాత కూడా బండి రెండు మూడు ఊపులు ఊగుతుంది. చక్రం నేలను సరిగా అంటిపెట్టుకోదు. నేలను అంటని చక్రానికి బ్రేకు వేసి లాభం లేదు. బుష్షులు అరిగితే చక్రం పక్కకు ఆడుతుంది, మలుపులో వెనుకభాగం తోక ఆడించినట్లవుతుంది, చైను వరస తప్పుతుంది. అందుచేత ఇది నడుమునొప్పికి మాత్రమే సంబంధించిన విషయం కాదు, ప్రాణానికి సంబంధించినది. మీ బండిని నడిమి స్టాండు మీద నిలబెట్టి, వెనుక ఆర్మును చేత్తో పట్టుకొని పక్కలకు కదిపి చూడండి. టకటకమని ఆడిందా, బుష్షుల పని అయిపోయినట్లే.

ఇక మా సీమ సంగతి. కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరుల మీదుగా కడపకు పోయే జాతీయ రహదారి, ఒకప్పటి 18, ఇప్పటి 40, నాలుగు వరుసలతో బాగానే ఉన్నది. కానీ జనం రహదారి మీద కాపురం ఉండరు. దాని నుంచి పక్కకు దిగితే బేతంచెర్ల, కొలిమిగుండ్ల వైపు నాపరాళ్ళ లారీలు, ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు లారీలు, రైల్వే కోడూరు దగ్గరి మంగంపేటలో ముగ్గురాయి లారీలు. అవి తొక్కిన తారు ఎన్నాళ్ళు నిలుస్తుంది? కోయిలకుంట్ల, జమ్మలమడుగు ప్రాంతాలలో నేల నల్లరేగడి. వాన పడితే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకొని నెఱ్ఱెలు వేస్తుంది. దాని మీద వేసిన రోడ్డు కొన్నేళ్ళకే అలలు పోతుంది. 2022 ఏప్రిల్‌లో కర్నూలు జిల్లా నుంచి నంద్యాల జిల్లా విడివడింది. పేర్లు మారాయి గానీ దావలు మారలేదు.

దుమ్ము మరొక శత్రువు. నాపరాతి పొడి షాకబ్జార్బరు కడ్డీ మీద పేరుకొని, బండి ఊగినప్పుడల్లా సీలు పెదవిని ఆకురాయిలాగా రాస్తుంది. వేసవిలో మాకు 40 డిగ్రీలు దాటడం వార్త కాదు. ఆ ఎండలో నిలబెట్టిన బండి రబ్బరు గట్టిపడుతుంది, గొట్టంలోని నూనె పలచబడుతుంది, పలచబడిన నూనె ఊపును తక్కువగా అణచుతుంది. ఇవి చాలవన్నట్లు ఊరూరికీ గతుకుగోడలు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పున, 10 సెంటీమీటర్ల ఎత్తున మెల్లగా లేచి మెల్లగా దిగాలి. మా ఊళ్ళలో అది రెండడుగుల వెడల్పున, జానెడెత్తున, గోడలాగా లేస్తుంది. మోటారు సైకిలుకు అది స్పీడ్ బ్రేకరు కాదు, సుత్తి దెబ్బ.

ఇప్పుడు అడగవలసిన ప్రశ్న ఇది: ఇక్కడ ఏది ‘సహజం’? బెంగుళూరులో నున్నని రోడ్డు మీద ఆఫీసుకు పోయివచ్చే బండికి ఏది సహజమో, పత్తికొండ సంతకు టమాటా గంపలు మోసే బండికీ అదే సహజమా? కంపెనీ మాత్రం రెండు చోట్లా అదే బండిని, అదే వారంటీ పుస్తకంతో అమ్ముతుంది. మా దుమ్మూ మా ఎండా అమ్మకం నాడు ఎవరికీ గుర్తు రావు. బుష్షు అరిగిన నాడు మాత్రం మా రోడ్లే నేరస్థులు.

నా బండి సంగతే చెబుతాను. కంపెనీ పేరుతో పని లేదు. ఏ కంపెనీ అయినా కథ దాదాపు ఇదే. కొని పంతొమ్మిది నెలలు, తిరిగింది పద్నాలుగు వేల కిలోమీటర్లు. సర్వీసులన్నీ వారి దగ్గరే సకాలంలో జరిగాయి. కుడివైపు షాకబ్జార్బరు నుంచి నూనె కారడం మొదలయింది, వెనుక చక్రం ఆడుతున్నది. సర్వీసు సెంటరులో కుర్రవాడు మర్యాదస్థుడే. ఒకసారి వంగి చూసి, “ఇది వేర్ అండ్ టేర్ కిందికి వస్తాది సార్, వారంటీ రాదు. మన రోడ్లు తెలిసిందే కదా!” అన్నాడు.

“ఎంత అరిగితే అరుగుదల, ఎంత అరిగితే లోపం?” అని అడిగాను.

“అదంతా నాకు తెల్దు సార్. కంపెనీవాళ్ళు ఒప్పుకోరు.”

“ఒప్పుకోరన్న మాటే జాబ్ కార్డు మీద వ్రాసి ఇవ్వు నాయనా.”

“రాసిచ్చేదానికి మాకు లేదు సార్.”

నేనే ఒక ఉత్తరం వ్రాసి, నకలు మీద వారి ముద్ర వేయించుకొని వచ్చాను. పదకొండు రోజులకు ఫోను వచ్చింది. షాకబ్జార్బరు ఉచితంగా మార్చారు, బుష్షులకు మాత్రం డబ్బు తీసుకొన్నారు. మార్చినందుకు కారణం చెప్పలేదు, మార్చనందుకూ కారణం చెప్పలేదు. నా అభ్యంతరమంతా ఇక్కడే ఉన్నది. ఇచ్చినా దయగా ఇచ్చారు, ఇవ్వకపోయినా దయ లేక ఇవ్వలేదు. ఒప్పందంలో దయకు చోటు ఎక్కడిది?

పాత బుష్షులను అడిగి తెచ్చుకొని మా వీధి చివర ఉన్న వృద్ధ మెకానిక్కుకు చూపించాను. ఆయన వాటిని వేళ్ళ నడుమ తిప్పి చూసి, “ఒక పక్క అరిగింది, ఇంకో పక్క కొత్తదాని మాదిరే ఉండాది. దావ అరగదీస్తే రెండు పక్కలా అరగాల గదా సామీ!” అన్నాడు. చైను లాగుడు వలన కూడా ఒక పక్క ఎక్కువ అరగవచ్చు, బిగింపు సరిగా లేకపోయినా అరగవచ్చు. అందుచేత ఆయన మాటే తుది తీర్పు అని నేననను. కానీ అది సరైన ప్రశ్న. వస్తువు చేతిలో పట్టుకొని అడిగిన ప్రశ్న. సర్వీసు సెంటరులో ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు.

ఇక చట్టం సంగతి. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం స్థానంలో వచ్చిన 2019 చట్టం 2020 జూలై 20 నుంచి అమలులో ఉన్నది. అందులో సెక్షను 2(10) ‘లోపం’ అంటే ఏమిటో చెబుతుంది. చట్టం వలన గానీ, వ్రాసుకొన్న లేక వ్రాయకపోయినా అనుకొన్న ఒప్పందం వలన గానీ ఉండవలసిన నాణ్యత లేకపోతే అది లోపమే. అంతటితో ఆగలేదు, వ్యాపారి ఏ విధంగానైనా ఉన్నదని చెప్పుకొన్న నాణ్యత లేకపోయినా లోపమే. ‘ఏ విధంగానైనా’ అన్న మాటను మిత్రులు గమనించాలి. వారంటీ పుస్తకంలో ఏమున్నా, ప్రకటనలో అదే బండి రాళ్ళ మీద గెంతి, వాగు దాటి, ధూళి రేపుకొంటూ కొండ ఎక్కుతుంది గదా! అది కూడా చెప్పుకోవడమే. కొండ ఎక్కే బండి అని చెప్పి అమ్మినవారు కోడుమూరు రోడ్డును సాకుగా చూపడం కుదరదని నా వాదం.

అదే చట్టంలో అక్రమ వ్యాపార పద్ధతులను నిర్వచించే సెక్షను 2(47)లో మరొక మంచి మాట ఉన్నది. సరైన పరీక్షలు చేయకుండా వస్తువు పనితనానికో, ఇన్నాళ్ళు మన్నుతుందనో హామీ ఇవ్వడం అక్రమ పద్ధతి. పరీక్ష చేశామని అంటే, నిరూపించవలసిన భారం అన్నవారిదే. కంపెనీలు పరీక్షలు చేయవని కాదు, చేస్తాయి. గుంతలూ, గతుకులూ, రాళ్ళు పరచిన బాటలూ కృత్రిమంగా కట్టి, వాటి మీద బళ్ళను పగలూ రాత్రీ తిప్పే పరీక్షా స్థలాలు మన దేశంలోనే ఉన్నాయి. విచిత్రమేమిటంటే, చెడ్డ రోడ్డును డబ్బు పెట్టి కట్టి పరీక్షించినవారే, దేవుడిచ్చిన చెడ్డ రోడ్డు మీద బండి నడిపితే అది మన తప్పంటారు.

చట్టం ఇంకొన్ని సౌకర్యాలు కలిగించింది. మనం నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషనులోనే ఫిర్యాదు చేయవచ్చు. కంపెనీ కార్యాలయం ఎక్కడో ఉన్నదని పరుగెత్తనక్కరలేదు. వస్తువు ఖరీదు 5 లక్షల లోపయితే రుసుము లేదు. కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్ళ లోపు వేయాలి. వకీలు తప్పనిసరి కాదు. వస్తువును పరీక్షిస్తే తప్ప తేలదనుకొంటే కమిషను దాన్ని ప్రయోగశాలకు పంపవచ్చు. పాలక్యాన్లు మోసేవాడూ, బండి మీద బట్టలమూట కట్టుకొని ఊరూరా తిరిగేవాడూ కూడా వినియోగదారులే. స్వయం ఉపాధితో పొట్ట పోసుకొనేందుకు కొన్నదాన్ని వాణిజ్య వినియోగంగా చట్టం లెక్కించదు.

అయితే ఉన్నదానికంటె ఎక్కువ ఆశ పెట్టుకోరాదు. 2006లో మారుతి ఉద్యోగ్ సంస్థ కేసులో సుప్రీంకోర్టు, వారంటీ షరతు లోపమున్న భాగాన్ని బాగుచేయడానికో మార్చడానికో పరిమితమైతే, మొత్తం కారును మార్చి ఇవ్వమనడం కుదరదని చెప్పింది. బుష్షు అరిగిందని కొత్త బండి రాదు. పైగా తయారీ లోపమని నిరూపించవలసినది ఫిర్యాదీయే. నిపుణుడి అభిప్రాయం లేక ఓడిపోయిన ఫిర్యాదులు చాలా ఉంటాయి. అందుకే పాత భాగం అంత ముఖ్యం. వారంటీలో మార్చిన భాగాన్ని సాధారణంగా కంపెనీయే ఉంచుకొంటుంది. కానీ మన డబ్బుతో మార్చినది మనది. దాన్ని అక్కడే వదలి రావడమంటే సాక్షిని వదలి రావడమే.

కంపెనీల వైపు కూడా న్యాయం ఉన్నది. ఇద్దరికని చేసిన బండి మీద మా ఊళ్ళలో నలుగురు ఎక్కుతారు. వెనుక గ్యాసు సిలిండరు, ముందు బియ్యం మూట, నడుమ సంసారం. రెండు పక్కలా నిండు పాలక్యాన్లు వేలాడే బండికి షాకబ్జార్బరు పోతే కంపెనీని తిట్టడం తగదు. బ్రేకు షూలు, క్లచ్ ప్లేట్లు, చైను అరుగుతాయి. అరగడమే వాటి పని. అన్నిటినీ ఉచితంగా మార్చమంటే ఆ ఖర్చు బండి ధరలోకి ఎక్కి, జాగ్రత్తగా నడిపేవాడు అజాగ్రత్తగా నడిపేవాడి తరఫున కట్టవలసి వస్తుంది. ఇదంతా ఒప్పుకొంటాను. కానీ షాకబ్జార్బరు బ్రేకు షూ వంటిది కాదు. దెబ్బలు కాయడమే దాని ఉద్యోగం. దెబ్బలు తగిలాయి కాబట్టి పనికిరాకుండా పోయిందని దాని తరఫున చెప్పడం, వాన పడింది కాబట్టి గొడుగు కారిందని చెప్పడం వంటిది. బరువు ఎక్కువయిందంటారా? చెప్పండి, కానీ ఏ ఆధారంతో చెబుతున్నారో కూడా చెప్పండి.

నేను కోరేవి పెద్ద కోరికలు కావు. మొదటిది, కొలత. ప్రతి బండికీ కంపెనీ మెకానిక్కుల కోసం అచ్చువేసే సర్వీసు మాన్యువల్లో అనేక భాగాలకు కొత్తలో ఉండవలసిన కొలత, ఎంత అరిగితే మార్చాలన్న హద్దు మిల్లీమీటర్లలో ఉంటాయి. ఆ అంకెలు ఉన్నాయి. కొన్నవాడికి తెలియనీయరు, అంతే. బుష్షుకు ఈ హద్దు ఇన్ని వేల కిలోమీటర్ల లోపు దాటితే లోపం, ఆ తరువాత దాటితే అరుగుదల అని వారంటీ పుస్తకంలోనే వ్రాస్తే సగం తగాదాలు పుట్టనే పుట్టవు.

రెండవది, తిరస్కరణకు వ్రాతపూర్వకమైన కారణం. నోటిమాటతో ‘రాదు’ అనడం చెల్లకూడదు.

మూడవది, తెలుగు. వారంటీ షరతులు చాలావరకు చిన్న చిన్న ఇంగ్లీషు అక్షరాలలో ఉంటాయి. ప్రకటన మాత్రం చక్కని తెలుగులో, మన సినిమా నటుడి చేత చెప్పిస్తారు. కొనమని చెప్పడానికి పనికివచ్చిన భాష, కొన్నాక మాట నిలబెట్టుకోవడానికి పనికిరాదా? తెలుగులో అటువంటి విషయాలు వ్రాయడం కుదరదనే మహానుభావుల కోసం ఒక నమూనా: “కొన్న తేదీ నుంచి రెండేళ్ళ లోపు వెనుక షాకబ్జార్బరులో నూనె కారితే, అది బయటి దెబ్బ వలన కాదని తేలితే, ఉచితంగా మార్చి ఇస్తాము. మార్చము అని చెప్పవలసి వస్తే కారణం వ్రాసి, సంతకం చేసి ఇస్తాము.” ఇందులో పండితులకు మాత్రమే అర్థమయ్యే మాట ఒక్కటైనా ఉన్నదా?

ఇక మనం చేయదగినది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు చేర్చిన సెక్షను 110ఎ 2021 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. ఒక రకం బండిలో ప్రమాదకరమైన లోపం ఉన్నదని నిర్ణీత సంఖ్యలో యజమానులు ఫిర్యాదు చేస్తే, ఆ బళ్ళను వెనక్కు రప్పించి బాగుచేయమని కేంద్రం కంపెనీని ఆదేశించవచ్చు. అంటే ఇక్కడ లెక్కకు విలువ ఉన్నది. సీమలో వెయ్యిమంది వెయ్యి వీధుల్లో సొంత డబ్బుతో బుష్షులు మార్పించుకొని, రోడ్లను తిట్టుకొని ఇంటికి పోతే ఆ వెయ్యీ లెక్కలోకి రావు. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం సంఖ్య 1915. ఫోను చేస్తే బండి వెంటనే బాగుపడుతుందని చెప్పను, కానీ లోపం ఒక అంకెగా నమోదవుతుంది.

రోడ్లు వేసేవారిని కూడా వదలనక్కరలేదు. అదే సవరణతో వచ్చిన సెక్షను 198ఎ ప్రకారం, నిర్ణీత ప్రమాణాలు పాటించకుండా రోడ్డు వేసి, దాని వలన మరణమో అంగవైకల్యమో కలిగితే, బాధ్యులకు లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. బుష్షులు అరిగితే మాత్రం పడదు. కంపెనీ రోడ్డును చూపుతుంది, రోడ్డువారు లారీలను చూపుతారు, లారీవారు నాపరాయి బరువును చూపుతారు. చివరికి బిల్లు కట్టేది బండివాడు. బాధ్యత ఇలా చేతులు మారుతూ పోవడానికి దారి ఇస్తున్నది హద్దు లేని ఆ ఒక్క మాటే.

మిత్రులారా, ఈసారి తీరిక దొరికినప్పుడు బీరువాలో పడేసిన మీ వారంటీ పుస్తకం ఒకసారి తెరవండి. వెనుక సస్పెన్షను గురించి ఏమి వ్రాశారో, అరుగుదలకు ఎక్కడైనా కొలత ఇచ్చారో లేదో, ఒక్క వాక్యమైనా తెలుగులో ఉన్నదో లేదో చూసి వ్యాఖ్యలలో చెప్పండి. పైన నేనిచ్చిన నమూనాలో మెరుగుపరచవలసిన మాటలుంటే అవీ చెప్పండి. అన్నీ కలిపి ఒక శుభ్రమైన తెలుగు ప్రతి తయారయితే, కంపెనీలకు పంపే పని నేను చూసుకొంటాను.